కవిగారి జూడో క్లాసు

కలకత్తా జోడాసాంకోలోని ఠాగూర్ల ఇంట్లో ఇంకా చీకటి ఉండగానే ఒక పిల్లవాణ్ణి నిద్ర లేపి గోదాలోకి దింపేవారు. ఒంటికన్ను పహిల్వాన్ ఒకాయన వాడికి కుస్తీ పట్లు నేర్పేవాడు. రోజూ ఒళ్లంతా మట్టి కొట్టుకొచ్చే కొడుకుని చూసి తల్లికి ఒకటే బెంగ, రంగు తగ్గిపోతాడేమోనని. సెలవు రోజు వచ్చిందంటే బాదంపప్పు, మీగడ, నారింజ తొక్క కలిపి నూరిన నలుగుతో ఒళ్లు రుద్దేది. ఆ పిల్లవాడు రవీంద్రుడు. ఈ ముచ్చట ఆయనే తన బాల్యస్మృతుల్లో రాసుకున్నారు. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయనకు 79 ఏళ్లు. మట్టి వాసన అన్నేళ్లూ గుర్తుందన్నమాట.

మనం గోడకు తగిలించుకున్న రవీంద్రుడు వేరు. పొడవాటి అంగీ, తెల్లటి గడ్డం, ఎటో చూసే కళ్లు. శాంతినికేతన్ అనగానే చెట్ల కింద పాఠాలు, పాట, బొమ్మ, నాట్యం గుర్తొస్తాయి. ఆ జాబితాలో జూడోను కూడా చేర్చాలి. ఒకసారి కాదు, రెండుసార్లు జపాన్ నుంచి గురువులను పిలిపించి మరీ అక్కడ ఈ విద్య నేర్పించారు.

శాంతినికేతన్ బడి 1901 డిసెంబరులో చేతివేళ్లతో లెక్కపెట్టగలిగినంత మంది పిల్లలతో మొదలైంది. ఆ రోజుల్లోనే జపాన్ కళా విమర్శకుడు ఒకాకురా కలకత్తా వచ్చి ఠాగూర్ల ఇంటికి దగ్గరయ్యాడు. ఆ పరిచయంతోనే 1905లో సానో జిన్నోసుకే అనే యువకుడు శాంతినికేతన్‌కు వచ్చాడు. పిల్లలకు జపనీస్ భాషతో పాటు కుస్తీలాంటి ఆ కొత్త విద్యనూ నేర్పాడు. ఈయనే తర్వాత రవీంద్రుడి ‘గోరా’ నవలను జపనీస్‌లోకి అనువదించాడు. వ్యాయామం మాస్టారు నవల అనువదించడం మన బళ్లలో ఊహకందుతుందా?

1905 అంటే మామూలు సంవత్సరం కాదు. ఆసియా దేశమైన జపాన్ చేతిలో రష్యా ఓడిపోయింది. ఇక్కడ వైస్రాయ్ కర్జన్ బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాడు. ఊరూరా అఖాడాలనే వ్యాయామశాలలు వెలిశాయి. కర్రసాము, కత్తిసాము నేర్వడమే దేశభక్తి అయింది. రవీంద్రుడి మేనకోడలు సరళాదేవి అంతకు ముందే వీరాష్టమి పేరుతో యువకుల బలప్రదర్శనలు నడిపింది. అయితే మేనమామ దారి వేరు. అఖాడాలో చేరినవాడికి ఎదురుగా ఒక శత్రువు ఉండేవాడు. శాంతినికేతన్ పిల్లవాడికి ఉన్నది పాఠం మాత్రమే. ఆయన జపాన్ విద్యనే కోరుకోవడంలో కిటుకు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఆ విద్యను తీర్చిదిద్దినవాడు సేనాధిపతి కాదు, బడిపంతులు.

ఆయన పేరు కానో జిగోరో. 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో 12 చాపలు పట్టే చోట కొడోకాన్ అనే శిక్షణశాల తెరిచాడు. పాత జుజుత్సులో ప్రాణం తీసే పట్లను విడి సాధనలో పక్కన పెట్టి, మిగిలినదాన్ని చదువులో భాగంగా మలిచి జూడో అన్నాడు. బలానికి బలం అడ్డు పెట్టడం ఇందులో ఉండదు. అవతలివాడు తోస్తే మనం వెనక్కి లాగాలి, లాగితే ముందుకు తోయాలి. వాడి కాలు నిలకడ తప్పిన లిప్తలో నడుం అడ్డుపెట్టి తిప్పితే వాడి బరువే వాణ్ణి మట్టి కరిపిస్తుంది.

కానీ జూడోలో మొదటి పాఠం పడేయడం కాదు, పడడం. గడ్డం గుండెకు ఆనించాలి. తల నేలకు తగలకూడదు. వీపు చాపను తాకే క్షణంలోనే చెయ్యి చాచి చాపమీద ఫట్‌మని కొట్టాలి. దెబ్బ ఒళ్లంతా పరుచుకుంటుంది, ఎముక నిలుస్తుంది. రోజుల తరబడి ఇదే పని. పడ్డవాడు చెడ్డవాడు కాదన్న మాటను మనం ఓదార్పుకు వాడతాం. వాళ్లు అక్కడి నుంచే చదువు మొదలుపెడతారు.

సానో వెళ్లిపోయాక రెండు దశాబ్దాలు గడిచాయి. 1929లో కెనడా ప్రయాణంలో జపాన్‌లో ఆగిన రవీంద్రుడు మళ్లీ ఒక జూడో గురువు కావాలని అడిగారు. కొడోకాన్‌లో తయారైన తకాగాకి షింజో ఆ ఏడాది చివర శాంతినికేతన్ చేరాడు. ఈసారి పాఠం మగపిల్లలతో ఆగలేదు, ఆడపిల్లలూ చాపమీదికి దిగారు. ఇది ఎంత పెద్ద అడుగో తెలియాలంటే రెండు తేదీలు చూడాలి. కొడోకాన్‌లోనే మహిళలకు ప్రత్యేక విభాగం ఏర్పడింది 1926లో. ఒలింపిక్స్‌లో మహిళల జూడోకు పతకాలు ఇవ్వడం మొదలైంది 1992లో, బార్సిలోనాలో. ఈ రెంటికీ మధ్య, మొదటిదానికి బాగా దగ్గరగా, బీర్భూమ్ జిల్లా ఎర్రమట్టి నేలలో బెంగాలీ అమ్మాయిలు ఒకరినొకరు ఎత్తి పడేస్తున్నారు. అప్పటికి చాలా ఇళ్లలో ఆడపిల్ల గడప దాటి బడికి వెళ్లడమే వింత.

అలా నేర్చుకున్నవారిలో శాంతినికేతన్ పండితుడు క్షితిమోహన్ సేన్ కూతురు అమిత ఒకరు. ఆమె నాట్యం చేసింది, రచనలు చేసింది, జూడోలోనూ ఆరితేరింది. ఆమె కొడుకు, నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త అమర్త్య సేన్, తల్లి జూడో గురించి తన ఆత్మకథలో గర్వంగా చెప్పుకున్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. శాంతినికేతన్‌లోని విశ్వభారతి బొక్కసం ఎప్పుడూ అంతంతమాత్రమే. రవీంద్రుడు ఊరూరా తిరిగి, నాటకాలాడించి విరాళాలు పోగుచేసేవారు. పరదేశం నుంచి వచ్చిన గురువు జీతం, ఖర్చులు ఆ సంస్థకు తలకు మించిన భారం. ఈ విద్య విలువ నలుగురికీ తెలిస్తే మోసే భుజాలు పెరుగుతాయని 1931 మార్చిలో కలకత్తా న్యూ ఎంపైర్ థియేటర్‌లో ప్రదర్శన పెట్టించారు. జంకు వదలమనే ఆయన పాట ఒకటి ఆ జూడోతోనే ముడిపడి ఉంది. అయినా ఆయన ఆశించిన ఆదరణ రాలేదు. తకాగాకి రెండేళ్లు ఉండి వెళ్లిపోయాడు. పాట మిగిలింది, పాఠం ఆగింది. 1936లో రవీంద్రుడు ‘చిత్రాంగద’ను నృత్యనాటకంగా మలిచారు. విల్లు పట్టిన రాకుమారి కథ అది. జూడో చూసే రాశారని నేననను. 1892లోనే ఆయన ఆ కథను నాటకంగా రాశారు కదా. కానీ ఆ వేదిక మీది అమ్మాయిల్ని చూసినప్పుడు చాపమీది అమ్మాయిలు ఆయనకు గుర్తుకు రాకుండా ఉంటారా?

మనవైపు చూస్తే, కోడి రామమూర్తి నాయుడిని గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న వీరుడిగా కథలు కథలుగా చెప్పుకుంటాం. సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో ఆయన డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఏనుగు పోస్టరెక్కింది, మాస్టారు మరుగునపడ్డాడు. శాంతినికేతన్‌లోనూ ఇంతే. కవి పోస్టరయ్యాడు, చాప చుట్ట చుట్టుకుంది.

నేను చదివిన బడిలో ఆటల పీరియడ్ టైంటేబుల్లో ఉండేది. ఆ గంటలో లెక్కల మాస్టారు వచ్చేవారు. ఇప్పుడు ప్రభుత్వ బళ్లలో ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి పేరిట ఆత్మరక్షణ శిక్షణ ఉంది. మంచిదే, కానీ అది మూడు నెలల ముచ్చట. ప్రైవేటు కాలేజీల్లో అయితే మహిళా దినోత్సవం నాడు ఒక పూట కరాటే, నాలుగు ఫొటోలు, శాలువా కప్పి సన్మానం. ఒక పూటలో దెబ్బ తగలకుండా పడడం కూడా రాదు, ఇక పడేయడం ఎక్కడ! బొక్కసంలో చిల్లిగవ్వ లేని కవి గురువును రెండేళ్లు అట్టిపెట్టుకున్నాడంటే, ఒంట్లోకి ఎక్కాల్సిన విద్యకు ఎంత కాలం పడుతుందో ఆయనకు గోదాలోనే తెలిసింది కాబట్టి.

వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల సంగతి అడిగాక లేచి రాకండి. ఆటల పీరియడ్ వారానికి నిజంగా ఎన్నిసార్లు జరుగుతోందో, అందులో ఎంతమంది ఆడపిల్లలు మైదానంలోకి దిగుతున్నారో కూడా అడగండి.