భీమునిపట్నంలో ఒక దినం

విజయనగరం నుండి దక్షిణంగా వచ్చి తగరపువలస వద్ద సముద్రం వైపు మళ్ళితే, గోస్తనీ నది కడలిలో కలిసేచోట భీమునిపట్నం కనబడుతుంది. జనం ముద్దుగా భీమిలి అంటారు. ఉదయం బయలుదేరినవారు సాయంకాలానికి ఇల్లు చేరవచ్చు. కాని ఆ కొద్ది గంటలలో చూడవలసినది శతాబ్దాల చరిత్ర.

ముందుగా పావురాళ్ళకొండ ఎక్కాలి. వాననీటిని నిలవచేసుకొనుటకు బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్లు నేటికీ అక్కడ ఉన్నవి. ఆ ఎత్తున నిలిచి చూస్తే డచ్చివారు ఇక్కడికే ఎందుకు వచ్చినారో ఇట్టే తెలుస్తుంది. ఒకవంక నది, ఒకవంక సముద్రం, వెనుక నేతగాళ్ళ పల్లెలు. శ్రీకాకుళపు సన్నని మల్లుబట్టలకు ఆనాడు దూరదేశాలలో పేరుండెను.

1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ కోఠీ నెలకొల్పింది. దానికి తోబుట్టువు వంటి వెస్టిండియా కంపెనీ 1621లో పుట్టి, 1634లో కరీబియను సముద్రంలోని కురసావ్ ద్వీపాన్ని పట్టుకొన్నది. అక్కడి విల్లెంస్టాడ్ పట్టణం బానిసల విక్రయానికి పెద్ద విపణి అయినది. ఈ రెండు తీరాలకు సంబంధమేమి అని అడుగవచ్చు. కోరమాండల్ తీరపు నూలుబట్టలను ఐరోపా వర్తకులు పడమటి ఆఫ్రికాకు చేర్చి, వాటిని మారకమిచ్చి మనుష్యులను కొన్నారు. తన మగ్గంమీది బట్ట ఏ పాపానికి మూల్యమైనదో మన నేతగానికి తెలియదు.

కొండ దిగితే డచ్చివారి శ్మశానవాటిక. కొన్ని సమాధులు కోసుగా పైకి లేచి ఉన్నవి. శిలాఫలకాలలో పదిహేడవ శతాబ్దపువి కూడా కలవు.

ఇక్కడి బ్రతుకు నిశ్చింతగా సాగలేదు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కగా శ్రీకాకుళం నవాబు జాఫరలీ ఎదురుతిరిగినాడు. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు తొలుత అతని పక్షాన ఉండి, పిదప ఫ్రెంచివారితో కలిసినాడు. ఒంటరియైన నవాబు నాగపురం మహారాష్ట్ర సేనలను పిలిచినాడు. 1754లో ఆ దండు విజయనగర సీమను కొల్లగొట్టి, భీమిలి కోఠీని దోచుకొన్నది. పంతం ప్రభువులది, నష్టం ఊళ్ళది.

1824లో లండను నగరంలో ఆంగ్లేయులకూ డచ్చివారికీ సంధి జరిగినది. దాని ప్రకారం 1825లో భీమిలి ఆంగ్లేయుల వశమైనది. ఇక్కడివారిని ఎవరూ అడుగలేదు. 1861లో పురపాలక సంఘం ఏర్పడినది. గోగునార ‘బిమ్లి జూట్’ అనే పేరుతో విదేశాలకు పోయినది. రేవునుండి పొగఓడలలో మనవారు రంగూనుకు కూలికి వెళ్ళినారు. అంతలో రైలుమార్గం సముద్రపుటొడ్డు విడిచి విజయనగరం మీదుగా పోయినది. 1933లో విశాఖపట్నం హార్బరు తెరువబడినది. ఓడలు క్రమంగా అటు మళ్ళినవి.

పొద్దు వాలేవేళకు గడియారస్తంభం, దీపస్తంభం చూచి వెనుదిరుగవచ్చు. వలసవచ్చిన వర్తకుల పేర్లు రాతిమీద నిలిచినవి. వారి ఓడలను నింపిన నేతగాండ్ర పేర్లు, రంగూను చేరి తిరిగిరానివారి పేర్లు ఏ రాతిమీదా లేవు. ఆ లోటు తీర్చగలిగినది మన ఇళ్ళలోని పెద్దల జ్ఞాపకమే. భీమిలి చూచి వచ్చిన రాత్రి, పిల్లలను చుట్టూ కూర్చుండబెట్టి మన తాతముత్తాతల పేర్లు ఒకసారి చెప్పుకొందాం.