సాక్షి, హతసాక్షి

తెలుగు సంఘాల్లో పెరిగినవాళ్లకు చిన్నప్పటి నుంచీ చెవిన పడే మాట ‘హతసాక్షి’. విశ్వాసం కోసం ప్రాణం పోగొట్టుకున్నవారిని అలా అంటాం. మాటను విడదీసి చూస్తే సందేహం వస్తుంది. హతుడయ్యాడు సరే, సాక్షి ఎందుకయ్యాడు? గ్రీకులో ‘మార్టుస్’ అంటే మామూలు సాక్షి. తగవులోనో, పత్రం మీదో తాను ఎరిగింది ఎరిగినట్టు చెప్పేవాడు. అందులో చావు ఊసే లేదు. ఆ మాటలోకి చావు వచ్చి చేరిన కథే తొలి క్రైస్తవ సంఘం కథ.

యెరూషలేములో స్తెఫనును రాళ్లతో కొట్టి చంపిన ఘట్టం అపొస్తలుల కార్యముల్లో ఉంది. అక్కడ ‘సాక్షులు’ అన్న మాట స్తెఫనుకు వాడలేదు. పైబట్టలు తీసి సౌలు అనే యువకుడి కాళ్ల దగ్గర పెట్టి రాళ్లు అందుకున్నవాళ్లకు వాడారు. తర్వాత ఆ సౌలే పౌలయ్యాడు. ఏళ్లు గడిచాక అదే యెరూషలేములో జనం ముందు నిలబడి, స్తెఫనును ప్రభువుకు సాక్షి అన్నాడు. చంపినవాళ్ల దగ్గర నుంచి చనిపోయినవాడి దగ్గరికి మాట చేరింది. ఎన్నిసార్లు చదివినా నేను ఇక్కడ కాసేపు ఆగిపోతాను.

అంతియొకయలో యేసు శిష్యులకు ‘క్రైస్తవులు’ అన్న పేరు పడింది. ఆ పేరే నేరమయ్యే రోజూ వచ్చింది. క్రీ.శ. 64 జూలైలో రోమ్ నగరం తగలబడింది. నిప్పు పెట్టించింది నీరో చక్రవర్తేనని జనం అనుకుంటుంటే, ఆ నింద ఆయన క్రైస్తవుల మీదికి తోశాడు. చరిత్రకారుడు టాసిటస్‌కు క్రైస్తవులంటే ఏవగింపు. అయినా జంతుచర్మాలు కప్పి కుక్కలతో చీల్పించడం, చీకటి పడ్డాక మనుషులనే దీపాలుగా వెలిగించడం రాసి, చూసిన జనానికి జాలి కలిగిందని కూడా రాశాడు.

దాదాపు 300 ఏళ్ల పాటు రోజూ సింహాల బోనులే అన్నట్టు సినిమాలు మనకు చూపించాయి. అది నిజం కాదు. మూడో శతాబ్దం నడుమ దాకా హింస ఒక్కో ఊళ్లో ఒక్కోసారి రేగి చల్లారేది. నడుమ ఏళ్ల తరబడి ప్రశాంతంగా గడిచేది. రోమ్ నేలమాళిగలైన కాటకోంబుల్లో క్రైస్తవులు కాపురం ఉన్నారన్నదీ కట్టుకథే. అవి శ్మశానాలు.

హింస ఎలా సాగేదో తెలియాలంటే ప్లినీ ఉత్తరం చదవాలి. 112 ప్రాంతంలో ఆయన నల్లసముద్రం దక్షిణపు ఒడ్డున ఉన్న బితూనియ, పొంతు సీమకు గవర్నరు. పట్టుకొచ్చినవాళ్లను ‘నువ్వు క్రైస్తవుడివా?’ అని మూడుసార్లు అడుగుతాడు, శిక్ష ఏమిటో చెప్పి మరీ. మూడుసార్లూ అవునంటే మరణశిక్ష. కాదన్నవాడు చక్రవర్తి బొమ్మకు సాంబ్రాణి, ద్రాక్షసారా అర్పించి, క్రీస్తును దూషిస్తే ఇంటికి పోవచ్చు. ఇంతకీ వీళ్లు చేసే నేరమేమిటని, సంఘంలో పరిచారకులుగా ఉన్న ఇద్దరు దాసీలను హింసించి అడిగించాడు. తేలిందేమిటి? ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తుకు కీర్తన పాడతారు, దొంగతనం చెయ్యబోమని, వ్యభిచరించబోమని, మాట తప్పబోమని ప్రమాణం చేస్తారు, మళ్లీ కలిసి మామూలు భోజనం చేస్తారు. అంతే. ఆ ఇద్దరి పేర్లు ప్లినీ రాయలేదు. ట్రాజన్ చక్రవర్తి జవాబిచ్చాడు: వెతికి పట్టుకోవద్దు, ఆకాశరామన్న ఉత్తరాలు లెక్కచెయ్యవద్దు, నేరం రుజువైతే శిక్షించు, దేవతలకు మొక్కితే వదిలెయ్యి.

ఏ దొంగకూ ఇలాంటి వెసులుబాటు ఉండదు. నేను దొంగను కానంటే దొంగతనం పోదు. క్రైస్తవుడికి మాత్రం ఒక్క మాట చాలు, చిటికెడు సాంబ్రాణి చాలు. కోర్టులో నిలబడి చెప్పే ఆ ఒక్క మాట మీదే బతుకూ చావూ ఆధారపడ్డాయి కాబట్టే ‘సాక్షి’ అన్న పదం బరువెక్కింది.

స్ముర్న బిషప్పు పొలికార్పు మరణగాథలో ఈ మాట స్పష్టంగా కొత్త అర్థంతో కనబడుతుంది. అది రెండో శతాబ్దం నడిమి సంగతి. దేవతలను కొలవరు కనుక అప్పట్లో క్రైస్తవులను నాస్తికులనేవారు. నాస్తికులు నశించాలి అని అనమన్నారు ముసలాయనను. ఆయన అరిచే జనం వైపే చెయ్యి ఊపి ఆ మాట అన్నాడట. 86 ఏళ్లుగా తాను సేవించిన, తనకు ఏ కీడూ చెయ్యని తన రాజు క్రీస్తును ఎలా దూషించనని అడిగి చితి వైపు నడిచాడు. శిష్యులు ఎముకలు ఏరుకుని, ఏటేటా ఆ రోజున కూడుకోవాలని నిశ్చయించుకున్నారు. చనిపోయిన రోజును వాళ్లు పుట్టినరోజు అన్నారు.

203లో కార్తేజిలో హతసాక్షి అయిన పెర్పెతువకు అప్పటికి వయసు 22 ఏళ్లు, ఒళ్లో చంటిబిడ్డ. ముసలి తండ్రి కాళ్లావేళ్లా పడ్డ వైనాన్ని, బిడ్డకు పాలివ్వలేక చెరసాలలో పడ్డ బాధను తానే రాసిపెట్టింది. క్రైస్తవ స్త్రీల రచనల్లో మనదాకా వచ్చినవాటిలో చాలా పాతది అదే.

సామ్రాజ్యమంతటికీ ఒకే ఆజ్ఞ వచ్చింది డెసియస్ చక్రవర్తి కాలంలో, 249 చివర. అందరూ బలి అర్పించాలి, అర్పించినట్టు అధికారులతో రాయించుకోవాలి. ఆ కాగితాలు ఈజిప్టు ఇసుకలో 40కి పైగా దొరికాయి. ఒకదానిలో 72 ఏళ్ల వృద్ధుడు, కుడి కనుబొమ్మ మీద మచ్చ. ఇంకొకటి మొసలి దేవుడి పూజారిణిది. ఆమె కూడా తెచ్చుకోవాల్సివచ్చింది!

చాలామంది క్రైస్తవులు బలి ఇచ్చారు. కొందరు లంచమిచ్చి కాగితం మాత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వాళ్లు ఏడుస్తూ సంఘం తలుపు తట్టారు. వాళ్లను తిరిగి చేర్చుకోవాలా? కార్తేజి బిషప్పు సిప్రియన్ ఈ ప్రశ్నతోనే సతమతమయ్యాడు. చివరికి తగిన పశ్చాత్తాపం తర్వాత చేర్చుకోవచ్చన్నారు. ఒప్పుకోనివాళ్లు రోమ్‌లో నొవేషియన్ వెంట చీలిపోయారు. సిప్రియన్‌ను 258లో శిరచ్ఛేదం చేశారు. జడిసి సాంబ్రాణి వేసి, రాత్రంతా నిద్రపట్టక కూచున్నవాళ్ల కథ హతసాక్షుల కథలో సగమని నా నమ్మకం. వాళ్లకు పండుగల్లేవు.

303 ఫిబ్రవరి 23న డయోక్లీషియన్ చక్రవర్తి నికొమేదియలో చర్చి కూలగొట్టించాడు. మర్నాటి శాసనం లేఖనాలను తగలబెట్టమంది. పుస్తకాలు అప్పగించినవాళ్లకు ‘అప్పగించినవాడు’ అనే అర్థంలో ‘ట్రాడిటోర్’ అని పేరు పడింది. ఆ మచ్చ మీద ఉత్తర ఆఫ్రికా సంఘం తరాల తరబడి రెండుగా చీలింది. ఈ హింసను ముందుండి నడిపించిన చక్రవర్తి గలేరియస్సే 311లో మంచం పట్టి హింస ఆపమని ఆజ్ఞ ఇస్తూ, తన క్షేమం కోసం ప్రార్థించమని క్రైస్తవులను కోరాడు. 313లో చక్రవర్తులు కాన్‌స్టాంటైన్, లిసినియస్ అందరికీ ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చారు. 380లో క్రైస్తవమే రాజ్యమతమైంది.

385లో ట్రియర్ పట్టణంలో స్పెయిన్ బిషప్పు ప్రిసిలియన్‌ను, మంత్రవిద్య నేరం మోపి, క్రైస్తవ చక్రవర్తి మాక్సిమస్ తల నరికించాడు. ఫిర్యాదు చేసినవాళ్లు తోటి బిషప్పులు. టూర్ బిషప్పు మార్టిన్ వద్దని బతిమాలినా వినలేదు. అనుచరులు ఆ దేహాన్ని స్పెయిన్‌కు మోసుకెళ్లి పాతిపెట్టి, హతసాక్షి అని కొలిచారు.