భుజం మీది మచ్చ

స్వోర్డ్స్‌లో మేం అద్దెకుంటున్న ఇంటి పక్కన ఒక ఐరిష్ పెద్దాయన ఉంటాడు. ఎండ కాసిన రోజు బనీనుతో తోటపని చేస్తుంటే ఆయన భుజం మీద చిన్న మచ్చ కనబడింది. అదే మచ్చ మా అందరికీ ఉంది. మీకూ ఉండే ఉంటుంది. అది టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా గుర్తు.

ఐర్లండ్‌ను ఒకప్పుడు టీబీ పీడించింది. డబ్లిన్‌లోని సెయింట్ అల్టాన్స్ ఆసుపత్రిలో డాక్టర్ డొరొతీ ప్రైస్ 1937లో పిల్లలకు బీసీజీ వేయడం మొదలుపెట్టారు. 1948లో ఆరోగ్య మంత్రి అయిన నోయెల్ బ్రౌన్ తానూ టీబీతో బాధపడ్డవాడే. ఆ రోజుల్లో ఐరిష్ కుర్రాళ్లు మనలాగే పొట్ట చేతబట్టుకుని ఇంగ్లండ్‌కు కూలికి వెళ్లారు. ఇరుకు గదుల్లో పడుకున్నారు. వాళ్లలో చాలామందికి అక్కడే టీబీ పట్టుకుంది.

అదే 1948లో మన దేశంలో తొలి బీసీజీ ప్రయత్నాల్లో ఒకటి మన మదనపల్లెలో జరిగింది. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం 1915 నుంచి టీబీ రోగులను చూస్తోంది. ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో టీకా వేసి, ఏళ్ల తరబడి ఫలితం గమనించారు.

బ్రిటన్‌లో బడి వదిలే వయసు పిల్లలకు వేసి చూస్తే నూటికి 75కు పైగా రక్షణ కనబడింది. మరి మన దగ్గరో? 1968లో చెన్నై పక్కన చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షల మందికి పైగా జనంతో పెద్ద పరీక్ష మొదలైంది. పదిహేనేళ్లు గమనించాక తేలింది ఇది: పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల టీబీని ఆ టీకా ఆపలేదు. పసిపిల్లలను మెదడు టీబీ వంటి ప్రమాదాల నుంచి మాత్రం అది కాపాడుతుంది. కాబట్టి ఊళ్లో మీ పిల్లలకు టీకా మానిపించకండి.

అక్కడ పనిచేసిన టీకా ఇక్కడ ఎందుకు పనిచేయలేదు? మన నేలలో, నీటిలో ఉండే వేరే సూక్ష్మజీవులే కారణమని కొందరన్నారు. ఆ వాదన నేటికీ తేలలేదు. పెద్దల కోసం చేసిన ఎం72 అనే టీకాపై ఆఖరి దశ పరీక్ష 2024లో గాని మొదలు కాలేదు. బీసీజీని మనిషికి తొలిసారి వేసింది 1921లో. వందేళ్లు దాటినా, గదికి పదిమంది చొప్పున పడుకునే కూలివాడికి నమ్మకమైన టీకా లేదు.

అందుకే ఆ మచ్చను చూసుకుని ధీమాగా ఉండకండి. వీసా కోసం తీసిన ఎక్స్‌రే ఆ రోజు సంగతే చెబుతుంది. ఒంట్లో నిద్రపోతున్న టీబీ కొన్నేళ్ల తర్వాత కూడా లేవవచ్చు. రెండు వారాలు దాటిన దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే పరీక్ష చేయించుకోండి. వీలైనంతసేపు కిటికీ తెరిచి ఉంచండి.

పని పోతుందన్న భయం ఉత్తదని మేం అనం. కానీ దాచిన దగ్గు ముందుగా అంటేది పక్క మంచం మీది తమ్ముడికే. మందులు మామూలుగా ఆరు నెలలు. మధ్యలో మానకుండా వాడితే నయమవుతుంది.