మజిలీ నుంచి స్టేషనుకు: కనిగిరి సీమ చుట్టూ యాత్రామార్గాల చరిత్ర

ఉపోద్ఘాతం

తెలుగు యాత్రాసాహిత్యంపై వచ్చిన పరిశోధన చాలావరకు యాత్రికుడు ఏమి చూశాడన్న ప్రశ్న చుట్టూ నడిచింది. అతడు ఏ దారిన వెళ్ళాడు, ఆ దారి అటే ఎందుకు వెళ్ళింది, దారికి ఎడంగా మిగిలిపోయిన ఊళ్ళ సంగతేమిటి అన్న ప్రశ్నలకు దక్కిన చోటు తక్కువ. ఈ ప్రశ్నలకు కనిగిరి సీమ మంచి ఆధారం. పడమట వెలిగొండలు, వాయవ్యాన నల్లమల, తూర్పున కందుకూరు మీదుగా సముద్రతీరం. ఊరిని ఆనుకొని కొండ, కొండమీద శిథిలదుర్గం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు కనిగిరి నెల్లూరు జిల్లాలోని తాలూకా కేంద్రం. (నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం దగ్గరి కనిగిరి జలాశయం వేరు. పాత నివేదికలు చదివేటప్పుడు ఈ రెండింటినీ కలిపేసే ప్రమాదం ఉంది.) దక్షిణాన ఉదయగిరి, ఈశాన్యాన అద్దంకి, ఉత్తరాన వినుకొండ, ఆపైన కొండవీడు: గజపతులకూ విజయనగరానికీ మధ్య చేతులు మారిన దుర్గాల వరుస ఇది. ఆ వరుసలో కొన్ని పేర్లు చదువుకున్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. కొన్నింటిని చూడడానికి ఎవరూ వెళ్ళరు. ఈ తేడాకు గల కారణాల్లో ఒకటి చరిత్ర పుస్తకాల్లో కంటే రైల్వే పటంలో స్పష్టంగా కనిపిస్తుంది.

వీరాస్వామి నడిచిన రెండు దారులు

చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా ఉన్న ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిలో రాసిపెట్టుకున్న సంగతులను మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు పంపుతూ వచ్చాడు. అవి అతని మరణానంతరం 1838లో ‘కాశీయాత్రచరిత్ర’గా అచ్చయినాయి. 1941లో దిగవల్లి వేంకట శివరావు విపులమైన పరిష్కరణతో మళ్ళీ ప్రచురించిన తరువాతనే ఈ గ్రంథం ఆధునిక పరిశోధకుల చేతికి విస్తృతంగా అందింది.

ఈ గ్రంథాన్ని సాంఘిక చరిత్రకు ఆధారంగా వాడుకోవడం మామూలే. ఇక్కడ అవసరమైనది దాని దారి. పోయేటప్పుడు వీరాస్వామి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరి, నాగపూరు వైపు సాగాడు. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ మీదుగా తూర్పు తీరం వెంట దక్షిణానికి దిగాడు. ఒకటి కొండలకు పడమటి దారి, రెండోది సముద్రం ఒడ్డు దారి. ఈ రెంటికీ నడుమ వెలిగొండల తూర్పు నీడలో కనిగిరి సీమ ఉంది. పెద్ద పరివారంతో, పల్లకీలో, బోయీల భుజాల మీద సాగే యాత్రకు రోజూ నీరు, బియ్యం, బస దొరకాలి. ఊరూరా నీటి వసతి, అంగళ్ళు, దిగడానికి చోటు ఉన్నాయా లేవా అని వీరాస్వామి పట్టుదలగా నమోదు చేయడం వెనుక ఉన్నది ఈ అవసరమే. మెట్టభూములు, ఉప్పునీటి బావులు ఉన్న నడుమ సీమ గుండా పెద్ద బృందాన్ని నడపడం తెలివైన పని కాదు. వేరే చోట్ల దొరకని పుణ్యక్షేత్రం ఏదైనా ఉంటే తప్ప అటు పోవలసిన పని కూడా లేదు.

శ్రీశైలం అటువంటి క్షేత్రం. అక్కడికి ఆత్మకూరు వైపు నుంచి అడవిదారి. కొండ ఎక్కడానికి డోలీలు, అడవి గుండా పోవడానికి అక్కడి మనుషుల తోడు, మీదుమిక్కిలి యాత్రికుల నుంచి కందనూరు నవాబు రాబట్టుకునే సుంకం. ఇన్ని అడ్డంకులున్నా జనం పోయారు. అంతకు ముందే, 1794లో, కాలిన్ మెకంజీ ఇదే శ్రీశైలాన్ని ‘పర్వతం’ అన్న వాడుక పేరుతో దర్శించి, ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ సంపుటంలో వర్ణన ప్రచురించాడు. కొలమానాలతో వచ్చినవాడికీ, మొక్కుతో వచ్చినవాడికీ కొండదారి ఒక్కటే. ఇద్దరూ అడవి ఊళ్ళ మనుషుల మీద ఆధారపడవలసిందే.

నడకయాత్రలో మజిలీ కేవలం విశ్రాంతి స్థానం కాదు. అది వార్తలు పోగయ్యే చోటు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాల ‘కాశీమజిలీకథలు’కు పెట్టిన కథాచట్రం దీని మీదే నిలిచింది: గురువు మణిసిద్ధుడు, తోడు వచ్చిన గోపబాలుడు, ప్రతి మజిలీలో బాలుడు చూసివచ్చిన ఒక వింత, దానికి గురువు చెప్పే కథ. బాలుడికి వింత కనబడాలంటే అతడు ఆ ఊళ్ళో తిరగాలి. వంట పూర్తయ్యేంత వ్యవధి ఉండాలి. రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై హేవలాక్ వంతెన 1900లో తెరుచుకుంది. దీక్షితులు కాశీకి నడిచిపోయే గురుశిష్యుల కథలు వెలువరిస్తున్న కాలంలోనే ఆ ఊరి నుంచి కాశీకి రైలెక్కి పోయే వీలు ఏర్పడింది. పాత యాత్ర కనుమరుగవుతున్నప్పుడే దాని నడక కథలకు చట్రమైంది.

నాలుగు ఇనుపదారుల నడుమ

మద్రాసు రైల్వే వాయవ్య మార్గం కడప మీదుగా సాగి 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గంతో కలిసింది. 1876–78 నాటి మహాక్షామం తరువాత కరవుసీమలకు ధాన్యం చేర్చేందుకు రక్షణమార్గాలు కావాలన్న వాదం బలపడింది. బళ్ళారి–కృష్ణా రైల్వే ఆ వాదం ఫలితం. 1880లలో మొదలై సుమారు 1890 నాటికి గుంటూరు, వినుకొండ, దొనకొండ, కంభం, గిద్దలూరు, నంద్యాల, గుంతకల్లు ఊళ్ళు మీటరుగేజి పట్టాల మీద ఒక వరుసలోకి వచ్చాయి. 1887లో తిరుపతి–నెల్లూరు మార్గం, 1899లో గూడూరు–బెజవాడ మార్గం వచ్చాయి. ఒంగోలు, సింగరాయకొండలకు రైలు అప్పుడే అందింది.

ఈ నాలుగు మార్గాలను పటం మీద గీస్తే ఒక వంకర చతుర్భుజం వస్తుంది. కనిగిరి, పొదిలి, పామూరు, ఉదయగిరి దాని లోపల పడతాయి. ఏ భుజమూ వాటిని తాకదు. పడమటి భుజం వీరాస్వామి పోయిన దిశను, తూర్పు భుజం అతడు తిరిగివచ్చిన తీరాన్ని స్థూలంగా అనుసరించాయి. అయితే కొత్త రైలు పాత దారి అలవాట్లనే పునరుద్ధరించిందని అనుకోవడం సగం సరైన మాటే. ఉత్తరభుజం పూర్తిగా వేరు. తీరసీమను రాయలసీమతో కలిపే దారులు నల్లమల కనుమల గుండా ముందునుంచీ ఉన్నాయి. తీరపు ఉప్పును ఎద్దుల మీద కొండలకు ఆవలికి చేర్చిన బంజారాల దారులవి. ఆ దారుల్లో ఒక్క నంది కనుమ చాలును రైలు పట్టుకొని మిగిలినవాటిని వదిలేసింది.

కనిగిరి మనిషికి రైలంటే ముందు బండి ప్రయాణం. పొదిలి మీదుగా దొనకొండకో మార్కాపురం రోడ్డుకో, లేదా కందుకూరు మీదుగా సింగరాయకొండకో చేరాలి. ‘మార్కాపూర్ రోడ్’ అన్న స్టేషను పేరు గమనించదగ్గది. రైల్వే పరిభాషలో ‘రోడ్’ అన్న తోకకు అర్థం ఊరు ఇక్కడ లేదు, ఇక్కడ దిగి పోవాలి అని. ఊరికీ పట్టాలకూ మధ్య మిగిలిన దూరం స్టేషను బోర్డు మీదే నిలిచిపోయింది.

నంది కనుమ: భయం నుంచి దృశ్యానికి

గిద్దలూరు–నంద్యాల మధ్య నల్లమలను దాటడం ఆ మార్గంలో కష్టమైన పని. బొగద సొరంగం, లోయ మీద ఎత్తైన ఉక్కు గడంచెలపై నిలిపిన దొరబావి వంతెన ఆ కాలపు నిర్మాణాలు. 1990లలో గేజి మార్పిడితో పట్టాలు వేరే బాటకు మళ్ళి, ఆ వంతెన వాడుక తప్పింది.

ఈ ఘాట్ రైలు తెచ్చిన మార్పు వేగంలోనే లేదు. నడిచినవాడికి కనుమ అంటే పులి, చలిజ్వరం, దొంగ, దాహం. డోలీ పట్టేవాడితో, దారి చూపే చెంచుతో మాట కలపక తప్పని చోటు. పెట్టెలో కూర్చున్నవాడికి అదే కనుమ కిటికీలోంచి కనబడే పచ్చని లోయ. పర్వతం చూడదగ్గ వస్తువు కావాలంటే ముందు దాని వల్ల కలిగే భయం తీరాలి. ఆ భయం తీరడంతోబాటు చెంచు మనిషి యాత్రికుడి కథలోంచి జారిపోయాడు. వీరాస్వామి తరహా యాత్రాకథనంలో బోయీలు, కావలివాళ్ళు, సుంకరులు అడుగడుగునా తగులుతారు. రైలు యాత్రాకథనాల్లో వారి స్థానంలోకి టిక్కెట్టు, టైంటేబులు, తోటి ప్రయాణికుడు వచ్చారు. పర్యాటకంపై మనం రాసే వ్యాసాలు ఈ లోటును ఇంకా సరిగా లెక్కలోకి తీసుకోలేదు.

‘క్షేత్రం’ అన్న మాట ప్రయాణం

గుంటూరు నుంచి గుంతకల్లు, బళ్ళారి మీదుగా హోస్పేట వరకు మీటరుగేజి మార్గం ఏర్పడటంతో అనుకోని ఫలితం ఒకటి వచ్చింది. కృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని జయించాడు. ఆయన సైన్యం విజయనగరం నుంచి దుర్గాలకు దిగిన ప్రదేశాన్నే రైలు ఎదురుదిశలో దాటింది. కొండవీటి సీమ యువకుడు వినుకొండ, కంభం, నంద్యాలలను వరుసగా చూస్తూ హంపీ చేరగల కాలం వచ్చింది. రాబర్ట్ సూయెల్ విజయనగర చరిత్ర 1900లో వెలువడింది. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ను 1910 నుంచి అందించింది. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. శాసనం చదవడం, శిథిలం చూడడం ఒకే విద్యలో భాగాలయ్యాయి.

కొడాలి సుబ్బారావు తన కావ్యానికి ‘హంపీక్షేత్రము’ అని పేరు పెట్టాడు. దైవసన్నిధి గల చోటికి చెల్లే ‘క్షేత్రం’ అన్న మాటను పడిపోయిన రాజధాని మొత్తానికి అన్వయించడం చిన్న విషయం కాదు. విరూపాక్షుడు అక్కడ నేటికీ పూజలందుకుంటున్నా, కావ్యం పేరు సూచించేది ఆయన ఒక్కడి సన్నిధిని కాదు. చరిత్ర చూడడానికి పోవడానికి తెలుగులో అప్పటికి వేరే మాట లేదు. యాత్ర, క్షేత్రం, దర్శనం అన్న పాత మాటలే ఆ పనికి పనికివచ్చాయి. ‘పర్యాటకం’ తరువాతి కాలపు ప్రభుత్వ పరిభాష.

ఇక్కడొక ఆక్షేపణ రావచ్చు. అహోబిలానికి, శ్రీశైలానికి రైలు లేదు, అయినా జనం తగ్గలేదు కదా? నిజమే. నిత్యపూజ, మొక్కు, జాతర ఉన్న క్షేత్రాన్ని రైలు లేకపోవడం దెబ్బతీయలేదు. శ్రీశైలానికి దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు వచ్చాక బస్సులే ఆ పని చేశాయి. రైలు దూరమైతే నష్టపోయేది పూజలు ఆగిన చారిత్రక స్థలం. దాన్ని చూడాలన్న కోరిక పుస్తకం చదివితే పుడుతుంది, తీరాలంటే దారి సుళువుగా ఉండాలి. ఉదయగిరి ఇందుకు ఉదాహరణ. రాయలు అక్కడి నుంచి తెచ్చిన బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరంలో గుడి కట్టి ప్రతిష్ఠించాడు. ఆ గుడి చూడడానికి హంపీ పోయే తెలుగువారిలో ఎందరు విగ్రహం బయలుదేరిన దుర్గాన్ని చూశారు? పాలనాకేంద్రం నెల్లూరుకు మారడం వంటి ఇతర కారణాలు ఉదయగిరి క్షీణతకు ఉన్నాయి. అన్నీ రైలు మీదికి నెట్టడం తగదు. కానీ ఒకే దండయాత్రలోని రెండు కొసల్లో ఒకటి విహారస్థలమై, రెండోది పాఠ్యపుస్తకంలో ఒక తేదీగా మిగలడాన్ని వివరించాలంటే హోస్పేట స్టేషనును విస్మరించలేము.

భైరవకోన దారి

చతుర్భుజం లోపలి సీమకు దాని సొంత లోయ ఉంది. చంద్రశేఖరపురం దాటాక కొండల నడుమ భైరవకోనలో ఒకే రాతిగుట్టను తొలిచిన 8 శివాలయ గుహలు, పక్కనే జలపాతం ఉన్నాయి. శిల్పరీతిని బట్టి పల్లవ సంప్రదాయంతో పోల్చే ఈ గుహలు ఉండవల్లి, మొగల్రాజపురం గుహలతోబాటు తెలుగునాట గుహావాస్తు చర్చలో నిలవదగినవి. ఉండవల్లి, మొగల్రాజపురాలు బెజవాడ స్టేషనుకు చేరువలో ఉన్నాయి. భైరవకోనకు చేరాలంటే కనిగిరి నుంచి రోడ్డు ప్రయాణమే. కార్తీకంలో, శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ జనం వస్తారు. ఆ స్థానికయాత్ర వల్లనే కోన మరుగున పడకుండా ఉంది.

1958లో ఆర్టీసీ ఏర్పడి బస్సులు పెరిగాక ఈ సీమ ప్రయాణం మారింది. అయితే కనిగిరిలో రాత్రి బస్సు ఎక్కేవారిలో ఎక్కువమంది హైదరాబాదు, బెంగళూరు వైపు పనికి పోయేవారు. వర్షాధార మెట్టసేద్యం ఆగినప్పుడల్లా బస్సు నిండుతుంది. వారు చూసే నగరాలూ చారిత్రక నగరాలే. వారి ప్రయాణాన్ని మాత్రం ఎవరూ యాత్ర అనరు, యాత్రాసాహిత్యం కింద సేకరించరు.

2011–12 రైల్వే బడ్జెట్టులో మంజూరైన సుమారు 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి మార్గం వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు, ఆత్మకూరు, వెంకటగిరి మీదుగా చతుర్భుజాన్ని నిలువునా చీలుస్తుంది. (ఈ ఆత్మకూరు నెల్లూరు సీమలోది, వీరాస్వామి శ్రీశైలానికి కొండెక్కిన ఆత్మకూరు కాదు.) ఇన్నాళ్ళూ రోడ్డు మీదే తెలిసిన ఊళ్ళు స్టేషన్లుగా మారబోతున్నాయి. ఈలోగా చేయవలసిన పని ఒకటుంది. పామూరు–చంద్రశేఖరపురం–ఉదయగిరి దారుల్లోని సత్రాల ఆనవాళ్ళు, దారిబావులు, బండ్లు ఆగిన చింతతోపులు, వాటికి ఊరివాళ్ళు వాడే పేర్లు ఇంకా వృద్ధుల నోట ఉన్నాయి. మెకంజీ సేకరించిన కైఫీయతుల్లోని ఊరిపేర్లతో వాటిని సరిచూసి పటం మీద గుర్తించడం ఒక పరిశోధకుడు మూడు నాలుగేళ్ళలో చేయగల పని. అది పూర్తయితే వీరాస్వామి రెండు దారుల మధ్య ఉండిపోయిన ఖాళీలో కూడా మజిలీలు కనబడతాయి.