చెట్టునీడయు వాననీరును

కోయంబత్తూరు, మధుర ప్రాంతములలో మన పూర్వులు స్థిరపడిన భూములు చాలవరకు మెట్టభూములు. పడమటి కనుమలు నైరృతి మేఘములను అడ్డగించుటచే ఆవలివైపున కుంభవృష్టియు, ఈవలివైపున కొలదివానయు కురియును. ఇట్టి నేలపై నాగలి పట్టినవారు చెట్టు విలువ నెరిగియుండిరి.

1689లో మనుమని పక్షమున మధుర రాజ్యభారము వహించిన రాణి మంగమ్మ బాటల ప్రక్కల చెట్లు నాటించెను. 'మంగమ్మాళ్ సాలై' అను పేరు నేటికిని ఈ సీమలో వినబడుచున్నది. చెట్టు నాటుట పుణ్యమని మన పెద్దలనిరి. ఆ పుణ్యమునందలి ప్రయోజనమును విచారింతము.

చెట్టు వేళ్ళతో పీల్చిన నీటిని ఆకులద్వారా ఆవిరిగా విడుచును. ఎండవేడిమి కొంత ఆ పనికే వ్యయమగుటచే పరిసరము చల్లబడును. రాలిన ఆకులు నేలను గుల్లబరచి వాననీటిని ఇంకజేయును. చెట్టు పోయినచో ఆ వేడిమి నేలకును గాలికిని ఎక్కును. పడిన వాన పైమట్టిని కోసికొని వాగు పాలగును. కాబట్టి వాన కొలత తగ్గకున్నను కరవు పెరుగవచ్చును.

చెట్లకును వానకును గల సంబంధమును గూర్చి మద్రాసు సైన్యవైద్యుడు ఎడ్వర్డు బాల్ఫరు 1849లోనే వ్యాసము ప్రకటించెను. అయినను నరకుట ఆగలేదు. 1862లో మద్రాసు–బేపూరు రైలుమార్గము పూర్తియైనది. తొలిదినములలో ఇంజనులకు కట్టెలే ఆహారము. 1876–78 నాటి ధాత కరవునకు మూలము దూరసముద్రములలోని మార్పులని నేటి శాస్త్రము చెప్పుచున్నది. కాని వాన తప్పిన యేట బోడినేల ముందుగా ఎండుననుట సత్యము.

అడవి మేలు దూరమునకును ప్రాకును. నైరృతి ఋతువున తమిళనాట కురియు వానలో గణనీయమగు పాలు పడమటి కనుమల అడవులు విడుచు తేమయేనని బొంబాయి ఐ.ఐ.టి. పరిశోధకులు 2018లో ప్రకటించిరి. వాన కొరవడిన యేండ్లలో ఆ పాలు మరింత హెచ్చునట.

కాంగేయము సీమలో 'కొరంగాడు' అను పచ్చికబీళ్ళు గలవు. చుట్టును కిలువై ముళ్ళకంచె, నడుమ తెల్లతుమ్మచెట్లు, క్రింద కొళుక్కట్టై గడ్డి. ఎండుకాలమున పశువునకు మేతయు నీడయు, నేలకు తేమయు దక్కించిన ఏర్పాటిది. ఇట్టి బీళ్ళు తరిగిపోవుచున్నవి. మనలోను ఎందరో పొలములను ఇండ్లస్థలములుగా విభజించుచున్నారు. కొలతత్రాడు పట్టునాడు గట్టుమీది వేపను, పాతకంచెను లెక్కలో చేర్చి విడిచినచో, వాటి నీడయు వాటి క్రింద ఇంకిన నీరును మన బిడ్డలకు ఆస్తిలో భాగమే యగును.