తీర్థమునకు ఎల్లలు లేవు

నదీస్నానము దేహమునకే గాక మనస్సునకును శుద్ధి కలిగించునని మన పెద్దల విశ్వాసము. ఇది మన దేశమునకే పరిమితమైనది కాదు. బాలీ ద్వీపమున క్రీ.శ. 962లో వెలసిన ‘తీర్థ ఎంపుల్’ ఆలయమున భక్తులు నేటికిని ఊటధారల క్రింద వరుసగా తలలొగ్గి శుద్ధి పొందుదురు. ఆ ఆచారమును వారు ‘మెలుకత్’ అందురు. పవిత్రజలమును మాత్రము మనవలెనే ‘తీర్థ’ మనియే పిలుతురు. ఆ మాట వెంట మనము ఖమ్మమునుండి అడవిదారిని భద్రాచలపు గోదావరి రేవునకు పోవుదము.

భద్రాద్రి నదికి ఎడమగట్టున నున్నది. ఆలయము కట్టించిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దమున గోల్కొండ ఏలుబడిలో పాల్వంచ తహశీలుదారు. నాడు రెండు గట్టులకును ఏలిక ఒక్కడే. 1860లో నిజాము ఎడమగట్టును ఆంగ్లేయుల కప్పగింపగా, స్నానఘట్టమొక రాజ్యమునను, ఎదుటి గట్టు వేరొక రాజ్యమునను ఉండిపోయినవి. ఈ తాలూకా 1874లో గోదావరి జిల్లాలో చేరెను. 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మమునకు వచ్చెను. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము చుట్టుపట్ల పల్లెలు పెక్కు ఆంధ్రప్రదేశమునకు పోగా, పట్టణము తెలంగాణమున నిలిచెను. 2016లో క్రొత్తగూడెము కేంద్రముగా వేరొక జిల్లా ఏర్పడెను.

ఇన్ని మార్పులలోను స్నానవిధి మారలేదు. మునుగుటకు ముందు పురోహితుడు చెప్పించు సంకల్పమున నది పేరును, తీరమును, తిథియు, గోత్రనామములును వచ్చును. ఏలువారి పేరు రాదు. 1965లో వంతెన తెరచువరకు కుడిగట్టు యాత్రికులు పడవలపైననే ఏరు దాటి రేవు చేరెడివారు. బృహస్పతి సింహరాశిని ప్రవేశించినపుడు, 12 ఏండ్లకొకమారు, పుష్కరము వచ్చును. 2015 జూలై 14న పుష్కరము మొదలగునాటికి రాష్ట్రము విడిపోయి ఏడాది దాటినది. ప్రభుత్వములు రెండును తమతమ తీరములందు ఘట్టములు కట్టించినవి; నీరు మాత్రమొక్కటే.

అడవిలోని కోయల స్నానమునకు పురోహితుడు లేడు. మేడారమున సమ్మక్క, సారలమ్మల గద్దెలను దర్శించుటకు ముందు భక్తులు జంపన్నవాగున మునుగుదురు. కాకతీయ సేనతో పోరి గాయపడిన సమ్మక్క కుమారుడు జంపన్న అందు పడి ప్రాణము విడిచెనని వారి గాథ. సంపెంగవాగునకు ఆ పేరు అట్లు వచ్చినదే. అచట శుద్ధి యనగా తమ భూమికై పడినవానిని తలచుకొనుట కూడ.

పటములు గీచినవారికి నది ఎల్లగా కనబడినది. సంస్కృతమున తీర్థమను మాటకు మొదటి అర్థము మాత్రము రేవు, ఏరు దాటు చోటు. మన పూర్వులు నదిని ఆ పేరుతోనే పిలిచిరి.