హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్: గాయం మానడం, సంరక్షణ
హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో తల వెనుక నుంచి తీసిన వెంట్రుకల కుదుళ్లను బట్టతల భాగంలో నాటుతారు. కాబట్టి తీసినచోట, నాటినచోట కూడా గాయాలు మానాలి. కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసే ఎఫ్‌యూఈ పద్ధతిలో పడే సుమారు 1 మి.మీ. రంధ్రాలు కుట్లు లేకుండానే కొద్ది రోజుల్లో పూడుకుంటాయి. చర్మాన్ని పట్టీలా కోసి తీసే ఎఫ్‌యూటీ పద్ధతిలో వేసిన కుట్లను సాధారణంగా 10–14 రోజులకు విప్పుతారు. గీతలాంటి మచ్చ మిగులుతుంది.

నాటిన కుదుళ్లు స్థిరపడటానికి దాదాపు 10 రోజులు పడుతుంది. అప్పటివరకు గోకడం, రుద్దడం, పక్కులు పీకడం కూడదు. తల ఎత్తులో పెట్టుకుని పడుకుంటే నుదుటి వాపు తగ్గుతుంది. పొగతాగడం రక్తప్రసరణను తగ్గించి గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. చీము, జ్వరం, పెరిగే నొప్పి, చర్మం నల్లబడటం కనిపిస్తే వెంటనే వైద్యుణ్ని కలవాలి. నాటిన వెంట్రుకలు కొన్ని వారాల్లో రాలడం సహజం; 3–4 నెలలకు కొత్తవి మొలవడం మొదలవుతుంది. పూర్తి ఫలితానికి దాదాపు ఏడాది పడుతుంది.